మనవాళ్ళ గుర్తు ఏది?

(జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా తిరుపతిలో డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. త్వరలో మొదటిసారి ఓటు వేయబోతున్న పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో సాంఘిక శాస్త్రం చెప్పాను. బడిపంతులుకు అప్పుడప్పుడు ఇంకో కొలువు కూడా పడుతుంది, ఎన్నికల డ్యూటీ. ముందురోజు ఈవీఎంలు, సిరా సీసా, కవర్ల కట్టలు, లక్క అన్నీ లెక్క చూసుకుని బస్సెక్కాలి. రాత్రికి ఏదో ఊరి బడిలో బల్లలు కలుపుకుని నడుము వాల్చాలి. తెల్లవారకముందే లేచి ఏజెంట్ల ముందు మాక్ పోల్, అంటే నమూనా ఓటింగు, జరపాలి. అలా ఒకసారి పడమటి మండలాల్లోని ఒక పల్లెలో ప్రిసైడింగ్ అధికారిగా ఉన్నాను. మధ్యాహ్నం వేళ ఒక ముసలావిడ వచ్చింది. వేలికి సిరా పెట్టించుకుంది, అట్ట చాటుకు వెళ్ళింది. రెండు నిమిషాలైనా ఓటు పడినట్టు యంత్రం కూత వినిపించలేదు. అక్కడి నుంచే గట్టిగా అడిగింది: "సారూ, మనవాళ్ళ గుర్తు ఏది?"

బల్ల వెనుక కూర్చున్న ఏజెంట్లందరూ ఒక్కసారి తలలెత్తారు. నేను లేచి, "అమ్మా, మీకు నచ్చిన గుర్తు పక్కన మీట నొక్కండి. ఏదో నేను చెప్పకూడదు" అన్నాను. "నచ్చేదేముంది నాయనా, మావాళ్ళు చెప్పారు, నేను మరిచిపోయాను" అంది. ఇంకాసేపటికి కూత వినిపించింది. ఆమె బయటికి వచ్చి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఆమె మొదట "మనవాళ్ళు" అంది. మరుక్షణమే "మావాళ్ళు" అంది. నా కులమేమిటో, నా ఊరేమిటో ఆమెకు తెలియదు. అయినా నన్ను కలుపుకుంటూ "మన" అంది. నేను సాయం చేయలేనని తెలియగానే "మా" అయింది. తెలుగులో ఈ రెండు మాటలకు ఉన్న తేడా మనకు పుట్టుకతో వస్తుంది. వింటున్నవాడిని లోపల పెట్టుకుంటే మన, బయట నిలబెడితే మా. హిందీలో రెంటికీ కలిపి ఒకటే మాట, ఇంగ్లీషులోనూ అంతే. మన భాషలో మాత్రం నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరు లోపల, ఎవరు బయట అని తేల్చి చెప్పక తప్పదు. ఎన్నికల రాజకీయమంతా ఈ ఒక్క అక్షరం చుట్టూ తిరుగుతుందని ఆ రోజు నాకు అనిపించింది. అందుకే ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

ఓట్లప్పుడు మన ఊళ్ళలో ఏం జరుగుతుందో మీరు చూస్తూనే ఉన్నారు. కళ్యాణ మండపాల్లో "ఆత్మీయ సమావేశాలు" మొదలవుతాయి. ఏ రోజు ఏ కులం వారికి భోజనాలో ముందే నిర్ణయమవుతుంది. పత్రికలు కులం అనే మాట రాయవు, "సామాజిక వర్గం" అంటాయి, "సామాజిక సమీకరణాలు" అంటాయి. ఆ సమీకరణాల్లో పాఠశాలలు ఉండవు, మంచినీళ్ళు ఉండవు, తోతాపురి మామిడి ధర ఉండదు. 2025 వేసవిలో ఆ ధర పడిపోయి, మన జిల్లా రైతులు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లతో రోజుల తరబడి నిలబడ్డారు. ఆ వరుసలో అన్ని కులాల వారూ ఉన్నారు. ఆ వరుసకు మాత్రం ఏ కళ్యాణ మండపంలోనూ ఆత్మీయ సమావేశం జరగలేదు.

ఇంతవరకు విని, ఈ ముసలి మాస్టారు కులం చూసి ఓటు వేయవద్దని చెప్పి ముగిస్తాడని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నేను అంత సులువైన మాట చెప్పడానికి రాలేదు. ఆ మాట చెప్పేవాళ్ళలో చాలామందికి కులం వల్ల ఏనాడూ ఏ తలుపూ మూసుకోలేదు.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో దళితవాడ నుంచి శ్మశానానికి దారి లేదు. శవాన్ని మోసుకుని చేల గట్ల మీద వెళ్ళాలి. పైరు ఉన్న కాలంలో గట్టు మీద కూడా వెళ్ళనివ్వని రైతులు ఉన్నారు. వానాకాలంలో నడుముల్లోతు నీళ్ళలో పాడె మోయడం నేను కళ్ళారా చూశాను. ఆ వాడ వాళ్ళు ఎన్నో అర్జీలు పెట్టారు, ఎవరూ కదల్లేదు. సర్పంచి పదవి ఎస్సీలకు రిజర్వు అయిన ఏడాది, ఆ వాడ నుంచే గెలిచిన మనిషి మొదట తీర్మానం చేయించింది ఆ దారికే. ఆయనకు ఆ దారి ఎందుకు కావాలో ఎవరూ వివరించి చెప్పనక్కర లేకపోయింది, తన తండ్రిని కూడా ఆ నీళ్ళలోనే మోశాడు. ఆ వాడ జనం "మనవాడు" అని ఓటు వేస్తే, దాన్ని కులపిచ్చి అనడానికి నాకు నోరు రాదు.

ఈ సంగతి కొత్తదీ కాదు. నూరేళ్ళ కిందట ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1921 నుంచి 1926 వరకు ఆ రాష్ట్రానికి ఫస్ట్ మినిస్టరుగా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో, ఉన్న పానగల్ రాజా, అసలు పేరు పానగంటి రామారాయణింగారు, మన శ్రీకాళహస్తిలో పుట్టినవారు. ఆయన బ్రాహ్మణేతరుల కోసం పుట్టిన జస్టిస్ పార్టీ మనిషి. ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ వాటా ఉండాలని మద్రాసు ప్రభుత్వం 1921లో ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని కమ్యూనల్ జీవో అనేవారు. అది పచ్చి కుల రాజకీయమని అప్పట్లో విమర్శించారు. నిజమే, కులం పేరు చెప్పే చేసిన రాజకీయం అది. అయితే ఆ జీవో రాకముందు ఉద్యోగాలు కులం లేకుండా నడుస్తున్నాయా? నడిచేవి. కులం పేరు పైకి చెప్పవలసిన అవసరం లేనివాళ్ళ చేతిలో నడిచేవి.

ఈ రోజుకూ ఆ తేడా పోలేదు. దళితవాడ ఓట్లు ఒకే గుర్తుకు పడితే ఓటు బ్యాంకు అంటారు. మసీదు వీధి ఓట్లు ఒకే గుర్తుకు పడినా ఓటు బ్యాంకే అంటారు. పెద్దవీధి ఓట్లు ఒకే గుర్తుకు పడితే మాత్రం "ఆ కుటుంబానికి ఊళ్ళో పట్టు ఉంది" అని మెచ్చుకోలుగా చెబుతారు. ఓటు బ్యాంకు అన్న మాటను మొదట వాడింది ఎం.ఎన్. శ్రీనివాస్ అనే సామాజిక శాస్త్రవేత్త. 1950లలో మైసూరు దగ్గరి ఒక పల్లెను అధ్యయనం చేస్తూ ఆ మాట రాశారు. ఆయన చూపు పడింది ఓటు వేసే పేదవాళ్ళ మీద కాదు, తన మీద ఆధారపడినవాళ్ళ ఓట్లను కట్టగట్టి బేరం చేసే ఊరిపెద్ద మీద. బ్యాంకు ఉంది అంటే తాళం చెవి ఉన్న మనిషి ఒకడు ఉన్నాడని అర్థం. మనం ఆ మనిషిని మరిచిపోయి, ఖాతాదారులను తిట్టడం నేర్చుకున్నాం.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. పాతికేళ్ళ కిందట మా మండలంలో మా కులం మనిషి ఒకాయన పోటీ చేశాడు. మా వాళ్ళలో చదువుకున్నవాళ్ళు తక్కువ. ఆయన గెలిస్తే మా పిల్లలకు దారి దొరుకుతుందని మనసారా నమ్మాను. ఓటు వేశాను, బంధువుల ఇళ్ళకు వెళ్ళి వేయించాను. గెలిచాడు. మరుసటి వర్షాకాలానికి మా బడి కప్పు కారడం మొదలైంది. రెండు గదుల పిల్లలను ఒకే వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడిని. ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎంతో గౌరవంగా కుర్చీ వేయించాడు, కాఫీ ఇప్పించాడు, "మనవాళ్ళ బడి, నేను చూసుకోనా" అన్నాడు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ కాఫీ. మూడో ఏడు కలెక్టరుకు అర్జీ రాద్దామని సిద్ధమయ్యాను. మా కులపెద్దలు ఇంటికి వచ్చి, "మనవాడిని మనమే రచ్చకు ఈడుస్తామా? అవతలివాళ్ళు నవ్వరూ?" అన్నారు. నేను ఆ కాగితం చింపేశాను. నా జీవితంలో నేను సిగ్గుపడే పనుల్లో అది ఒకటి. వరండాలో తడిసిన పిల్లలు నా విద్యార్థులు. వాళ్ళ కంటే ఆయన పరువు నాకు ఎక్కువైంది.

పక్క ఊళ్ళో గెలిచిన మనిషి ఆ ఊరి జనానికి ఏ విధంగానూ బంధువు కాదు, కులం కాదు. నీళ్ళు రాకపోతే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని ఆయన గేటు ముందు కూర్చునేవాళ్ళు. వాళ్ళకు ఆయనను అడగడానికి మొహమాటం లేదు. రెండేళ్ళలో ఆ ఊళ్ళో బోరు పడింది, బడికి గదులు కూడా వచ్చాయి. నేను మనవాడిని గెలిపించుకుని నోరు పోగొట్టుకున్నాను. వాళ్ళు పరాయివాడిని గెలిపించుకుని నోరు నిలబెట్టుకున్నారు.

శ్మశానం దారి తెచ్చిన సర్పంచిని, నాకు కాఫీ ఇచ్చిన నాయకుడిని పక్కపక్కన పెట్టి నేను ఎన్నో రాత్రులు ఆలోచించాను. ఇద్దరూ మనవాడు అన్న మాట మీదే గెలిచారు. మొదటివాడి దగ్గర ఆ మాట జనానికి అడిగే ధైర్యం ఇచ్చింది: "నీకు తెలుసు కదా మా బాధ, ఎందుకు చేయవు?" రెండోవాడి దగ్గర అదే మాట నా నోటికి తాళం వేసింది. కాబట్టి ఒక అభ్యర్థి మనవాడా కాదా అన్నదానితో నేను ఇప్పుడు ఆగిపోను. రేపు గెలిచాక ఈ మనిషిని నేను నలుగురిలో నిలదీయగలనా, నిలదీస్తే నన్ను కులద్రోహి అంటారా, మతద్రోహి అంటారా? అనేటట్టు ఉంటే ఆయన ఎంత దగ్గరి చుట్టమైనా నా ఓటు వేయను.

ఇక ఆడపిల్లల కోసం ఒక చరిత్ర సంగతి. స్వతంత్ర భారతదేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951–52లో జరిగాయి. సుకుమార్ సేన్ అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్. ఓటర్ల జాబితా తయారు చేయడానికి సిబ్బంది ఇంటింటికీ వెళితే, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, లక్షల మంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యను, ఫలానావాడి తల్లిని అని చెప్పారు. పేరు లేకుండా ఓటు కుదరదని సేన్ పట్టుబట్టారు. దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి పోయాయి. కఠినమైన నిర్ణయమే. ఆ తర్వాతి ఎన్నికల నాటికి ఎంతోమంది తమ పేరుతో నమోదయ్యారు.

ఇన్నేళ్ళు గడిచాయి. ఇప్పటికీ ప్రచారానికి వచ్చినవాళ్ళు గడపలో నిలబడి ఇంటి యజమానిని అడిగేది ఏమిటి? "మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?" ఆయన చెప్పే జవాబు, "మావి ఆరు." ఆ ఆరింటిలో భార్యది, కోడలిది, కాలేజీలో చదివే కూతురిది కలిసి ఉంటాయి. కులం పేరుతో ఓట్లు కట్టగట్టే ముందు, ఇంటిపేరుతో కట్టగడతారు. కులపెద్ద చేతికి ఓట్లు చేరేది ఇంటిపెద్ద చేతి మీదుగానే. ఇక్కడ కూర్చున్న తండ్రులను చేతులు జోడించి అడుగుతున్నాను. ఈసారి ఎవరైనా అలా అడిగితే "నాది ఒకటి" అని చెప్పండి. మిగతావాళ్ళను లోపలి నుంచి పిలవండి. వాళ్ళ జవాబు వాళ్ళే చెబుతారు.

ఇప్పుడు మన తిరుపతి, చిత్తూరు సంగతికి వస్తాను. దానికి ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. బ్రిటిష్ వాళ్ళు 1909 చట్టంతో ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టారు. అంటే వాళ్ళ అభ్యర్థికి వాళ్ళే ఓటు వేస్తారు, మిగతావాళ్ళు వేయరు. 1932 ఆగస్టులో అణగారిన వర్గాలకు కూడా అలాంటి ఏర్పాటు ప్రకటించారు. గాంధీజీ ఎరవాడ జైలులో నిరాహారదీక్షకు కూర్చున్నారు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి, వాటికి బదులు రాష్ట్రాల శాసనసభల్లో 148 రిజర్వు స్థానాలు వచ్చాయి. అంబేడ్కర్ సంతకం చేశారు కానీ ఆ మనసులో ముల్లు చివరిదాకా ఉంది. దళితుల ప్రతినిధిని దళితేతరుల ఓట్లు నిర్ణయిస్తే, ఆ ప్రతినిధి ఎవరి గొంతుతో మాట్లాడతాడు అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్న ఇప్పుడు మీ ముందు, ఈ హాలులో ఉంది. తిరుపతి లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వు. 2008 పునర్విభజనతో చిత్తూరు లోక్‌సభ స్థానం కూడా ఎస్సీలకు రిజర్వు అయింది. గూడూరు, సూళ్ళూరుపేట, సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు శాసనసభ స్థానాలూ అంతే. అంటే ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రుల్లో ఎస్సీలు కానివాళ్ళు కూడా ఎన్నో ఏళ్ళుగా లోక్‌సభకు దళిత అభ్యర్థులకే ఓటు వేస్తున్నారు. ఏ ఆకాశమూ విరిగి పడలేదు. పోటీలో ఉన్న ప్రతి ఒక్కరూ ఎస్సీలే అయినప్పుడు, కులాన్ని పక్కన పెట్టి పనిని, మనిషిని, పార్టీని చూడడం మీకు చేతనైంది. లోక్‌సభ మీట నొక్కేటప్పుడు చేతనైనది, అదే గదిలో పక్కనే ఉన్న శాసనసభ మీట దగ్గర ఎందుకు చేతకాదు?

అయితే అంబేడ్కర్ భయం కూడా నిజమైంది. రిజర్వు స్థానంలో అభ్యర్థిని ఎంపిక చేసేటప్పుడు, మిగతా కులాల పెద్దలకు ఎదురు చెప్పని మనిషి ఎవరని వెతకడం నేను చూశాను. మెత్తగా ఉంటాడు, మనం చెప్పినట్టు వింటాడు అని బాహాటంగానే మాట్లాడుకుంటారు. రిజర్వు స్థానంలో ఓటు వేసే ఎస్సీయేతరులకు అందువల్ల ఒక అదనపు బాధ్యత ఉందని నేను నమ్ముతాను. మనకు వంగి ఉండే దళిత అభ్యర్థిని కాక, తన వాడ గురించి సభలో లేచి మాట్లాడగల దళిత అభ్యర్థిని గెలిపించడం. ఆ మాట మన చెవికి నొప్పిగా ఉన్నా సరే.

ఈ గుర్తింపులేవీ రాతి మీద చెక్కినవి కావు. మన జిల్లా చరిత్ర చూడండి. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి కొన్ని తాలూకాలు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఇక్కడ ఆరేడేళ్ళు నడిచిన గొడవంతా భాషదే. ఏ ఊరు తెలుగుది, ఏ ఊరు తమిళానిది అని ఊరి వారీగా లెక్కలు తీశారు. సరిహద్దు తగవుకు మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ సిఫారసుల మీద 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, అక్కడి కొన్ని ఊళ్ళు ఇటు వచ్చాయి. ఈ రోజు నగరిలో మరమగ్గం మీద కూర్చున్న మనిషి ఇంట్లో తమిళం మాట్లాడతాడు, బయట తెలుగు మాట్లాడతాడు. కుప్పంలో కన్నడం కూడా కలుస్తుంది. అక్కడ ఓటు అడిగేవాళ్ళు ఇప్పుడు నీ భాష ఏమిటని అడగడం లేదు. ఒకప్పుడు ఊళ్ళను విడదీసిన ప్రశ్న, రెండు తరాల్లో ఎన్నికల నుంచి దాదాపు తప్పుకుంది. కులం ఎప్పటికీ పోదు సార్ అని నాతో వాదించే పిల్లలకు నేను తిరుత్తణి కథ చెబుతాను.

తిరుపతి పట్టణం మరో సంగతి కూడా చూపించింది. 1983లో ఎన్టీ రామారావు గుడివాడలోనూ ఇక్కడా పోటీ చేసి రెండు చోట్లా గెలిచారు. 2009లో చిరంజీవి తన సొంత గోదావరి ప్రాంతంలోని పాలకొల్లులో ఓడిపోయి ఇక్కడ గెలిచారు. స్థానికుడు కాదన్న అభ్యంతరం ఆ రెండుసార్లూ నిలవలేదు. వెనుక కులాల లెక్కలు పనిచేశాయని చెప్పేవాళ్ళున్నారు, కొంత పనిచేసి ఉండవచ్చు. అయితే ఏ ఒక్క కులం ఓట్లతోనూ ఏ నియోజకవర్గంలోనూ గెలుపు దాదాపు కుదరదు. 1983 నాటి "తెలుగువారి ఆత్మగౌరవం" కూడా గుర్తింపు రాజకీయమే కదా. ఆ "మన"లో కోట్ల మంది పట్టారు. అదే ఏడాది ఈ ఊళ్ళో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ మాట పార్టీ కోసం చెప్పడం లేదు. గీత ఎంత పెద్దగా గీస్తే లోపల అంతమందికి చోటు ఉంటుందని చెబుతున్నాను.

మీలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడనివాళ్ళు ఎవరూ ఉండరు. అమ్మవారి కోసం మగవాళ్ళు చీర కట్టుకుని, గాజులు తొడుక్కుని మొక్కు తీర్చుకుంటారు. బైరాగి వేషం ఒక రోజు, తోటి వేషం ఒక రోజు, దొర వేషం ఒక రోజు, మాతంగి వేషం ఒక రోజు. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు ఎన్నో రూపాలు ఎత్తిందని, ఆమెకు జడిసి దాక్కున్న పాలెగాడు చివరికి దొర రూపాన్ని నమ్మి బయటికి వచ్చాడని మన పెద్దలు చెప్పారు. ఆ వేషం కట్టే మనిషి ఒకే వారంలో బైరాగి అవుతాడు, తోటి అవుతాడు, దొర అవుతాడు. మనమూ అంతే కదా. ఒక మనిషి రైతు, ఒక కూతురికి తండ్రి, ఒక మతం వాడు, ఒక కులం వాడు, డెయిరీకి పాలు పోసేవాడు, బ్యాంకులో అప్పు ఉన్నవాడు, కిడ్నీ జబ్బుతో ఆసుపత్రి వరుసలో కూర్చున్నవాడు. పొద్దు ఎక్కేకొద్దీ ఒక్కొక్క రూపం ముందుకు వస్తుంది. ఎన్నికలప్పుడు మాత్రం వీటిలో ఒక్క దాన్నే ఎంచి, నువ్వు ఇదే, ఇంకేమీ కాదు అని మన మెడకు కట్టేవాళ్ళు వస్తారు. ఏ రూపంతో బూత్‌లోకి వెళ్ళాలో నిర్ణయించుకునేది నువ్వు. పాలు పోసేవాడిగా వెళ్ళవచ్చు, తండ్రిగా వెళ్ళవచ్చు. అవమానం జరిగి ఉంటే ఆ కులం మనిషిగానే వెళ్ళవచ్చు, అందులో తప్పు లేదు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను ప్రకారం మతం, జాతి, కులం, సమూహం, భాష పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. రుజువైతే ఎన్నిక రద్దవుతుంది. ఆ సెక్షనులో "అతని మతం, కులం" అన్నట్టుగా ఒక సర్వనామం ఉంది. అతని అంటే అభ్యర్థిదా, ఓటరుది కూడానా? ఈ ఒక్క మాట మీద సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు కూర్చున్నారు. 1990లో ముంబయి శాంతాక్రజ్ నుంచి గెలిచిన అభిరాం సింగ్ కేసు అది. తీర్పు వచ్చింది 2017 జనవరి 2న. ఓటరు మతం, కులం పేరు చెప్పి అడిగినా తప్పేనని నలుగురు అన్నారు. ముగ్గురు విభేదించారు. తరతరాలుగా కులం వల్ల, మతం వల్ల, భాష వల్ల అన్యాయం జరిగినవాళ్ళు ఎన్నికల్లో ఆ అన్యాయం గురించి మాట్లాడకుండా ఎలా ఉంటారన్నది వారి వాదన సారం. చట్టంగా నిలిచింది నలుగురి మాట, దాన్ని పాటించాలి. నా మనసు మాత్రం ఆ ముగ్గురి వైపే ఉంది. "నేను నీ కులం వాడిని, ఓటు వెయ్యి" అనే మాటకూ, "నీ కులం వల్ల నీకు శ్మశానం దారి లేదు, అది వేయిస్తాను" అనే మాటకూ మధ్య పెద్ద అగాధం ఉంది.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా ఆత్మీయ సమావేశాలు ఎందుకు ఆగడం లేదు? దానికి నేను బూత్‌లో చూసిన కారణం ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మీ ఓటు రహస్యం. మీ వీధి ఓటు రహస్యం కాదు. లెక్కింపు బూత్ వారీగా జరుగుతుంది, ఆ అంకెలు ఫారం 20 పేరుతో అందరికీ దొరుకుతాయి. ఒక బూత్‌లో వెయ్యి, పన్నెండు వందల ఓట్లు ఉంటాయి. మన ఊళ్ళలో వీధులు కులాల వారీగానే ఉన్నాయి, బూత్‌లు వీధుల వారీగా ఉన్నాయి. అందుకని ఏ వాడ ఎటు వేసిందో గెలిచినవాడికి సాయంత్రానికి తెలిసిపోతుంది. మీ వాడలో నాకు ఎనభై ఓట్లే వచ్చాయి, నీళ్ళ ట్యాంకు ఎలా అడుగుతారు అనే మాట నేను చెవులారా విన్నాను. కులపెద్దకు బేరం ఆడే బలం వచ్చేది కూడా ఈ అంకెల నుంచే. ఇన్ని ఓట్లు ఇప్పించానని కాగితం చూపించగలడు.

దీనికి మందు లేదా అంటే ఉంది. బ్యాలెట్ పత్రాల కాలంలో, అవసరమైన చోట చాలా బూత్‌ల పత్రాలను కలిపి లెక్కించే నిబంధన ఉండేది. ఈవీఎంలు వచ్చాక ఆ చాటు పోయింది. పద్నాలుగు యంత్రాల ఓట్లను కలిపి మొత్తం మాత్రమే చూపించే టోటలైజర్ అనే పరికరం వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే కేంద్రాన్ని కోరింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. పద్నాలుగు బూత్‌లు కలిస్తే దళితవాడ, పెద్దవీధి, మసీదు వీధి, బీసీ కాలనీ అన్నీ ఒకే అంకెలో కరిగిపోతాయి. ఏ వాడనూ విడిగా శిక్షించడం కుదరదు. కులాల గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రాని మార్పు ఈ ఒక్క పరికరంతో కొంతైనా వస్తుందని నా నమ్మకం. ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీ మనిషినీ మీరు దీని గురించి అడగండి. కులం లేని రాజకీయం మాది అని చెప్పేవాళ్ళను మరీ గట్టిగా అడగండి.

నేను ఇప్పుడు ఎలా ఎంచుకుంటానో చెప్పి ఆపేస్తాను. అభ్యర్థి అఫిడవిట్ చదువుతాను. కేసులు, ఆస్తులు, చదువు అందులో ఉంటాయి. 2002, 2003లో సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని అది మన హక్కు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరికైనా దొరుకుతుంది. తరువాత ఆత్మీయ సమావేశానికి పిలిస్తే వెళతాను, తప్పించుకోను. నా వంతు రాగానే లేచి నిలబడతాను. మన కులం కాని పక్కవాడకు మీరేం చేస్తారని అడుగుతాను. ఈ ప్రశ్నకు సభ అంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దంలో అభ్యర్థి ముఖం చూస్తే నాకు చాలా తెలుస్తుంది. కొందరు నన్ను కోపంగా చూస్తారు. ఒక అమ్మాయి మాత్రం గత ఎన్నికల్లో జవాబు చెప్పింది. పక్కవాడలో ఏ వీధిలో కాలువ లేదో, ఏ బడిలో మరుగుదొడ్డికి తలుపు లేదో చెప్పింది. ఆమె మా కులం అమ్మాయే. ఆమెకే ఓటు వేశాను. ఆమె ఓడిపోయింది. ఆ ఓటు వృథా అయిందని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు.

బయట వరండాలో బల్ల మీద కొత్త ఓటరు నమోదుకు ఫారం 6 కట్టలు పెట్టారు. ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 నాటికి పద్దెనిమిది నిండినా నమోదు కావచ్చు. ఆ ఫారంలో మొదటి గడి పేరుది. బంధువు పేరు గడి ఆ తరువాతే వస్తుంది. తల్లిదండ్రులు దయచేసి పెన్ను పిల్లల చేతికి ఇవ్వండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనుక వరుసలో ఆ అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉంచింది. చెప్పు తల్లీ.